ఫోన్ వెనక అంటించిన టేపు ముక్క

తిరుపతి గాంధీ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. నాలుగడుగుల కౌంటరు, దాని మీద నీలం రబ్బరు మ్యాట్, ఒక హీట్ గన్, లైటు బిగించిన భూతద్దం, సీసా మూతల్లో ఆవగింజలంత స్క్రూలు. పోయిన నెల నా ఫోన్‌కి చార్జింగ్ ఎక్కడం లేదని అక్కడికి తీసుకెళ్లాను. మెకానిక్ కేబుల్ పెట్టి రెండుసార్లు కదిలించి చూసి, "చార్జింగ్ పిన్ పోయింది సార్. సాయంత్రం ఆరుకు రండి" అన్నాడు. తెల్ల టేపు ముక్క చింపి ఫోన్ వెనక అంటించాడు. దాని మీద నా పేరు రాసి, తల ఎత్తకుండానే "లాక్ ఎంత?" అని అడిగాడు.

చెప్పేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చార్జింగ్ పిన్ పోయిందని వెళ్లి, లాక్ పిన్ ఇచ్చి వచ్చాను.

బస్టాండు దాకా నడిచాక గాని తట్టలేదు. ఆ నాలుగంకెలతోనే నా బ్యాంకు యాప్ కూడా తెరుచుకుంటుంది. అమ్మ స్కానింగ్ రిపోర్టులు, ఇంట్లో అందరి ఆధార్ కార్డుల ఫొటోలు, వాట్సాప్‌లో నేను ఎవరి గురించి ఎవరితో ఏమన్నానో, అంతా అందులోనే ఉంది. మెకానిక్ చెడ్డవాడని నా అనుమానం కాదు. ఆ ట్రేలో నాలాంటివాళ్ల ఫోన్లు పది పన్నెండు ఉన్నాయి. అన్నిటి వెనకా టేపు, టేపు మీద పేరు, పేరు కింద అంకెలు. కౌంటరు దగ్గర నిలబడి టీ తాగుతున్న ఎవరైనా తీరిగ్గా చదువుకోవచ్చు. వెనక్కి వెళ్లి చెరిపేయమని అడగాలనిపించింది. మొహమాటం అడ్డొచ్చింది. మన గుట్టు ఎక్కువగా పోయేది ఈ మొహమాటం వల్లేనని నా అభిప్రాయం.

దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి ఒకటి మన ఊళ్లోనే ఉంది. కొండ మీద దర్శనానికి పోయే ముందు సెల్‌ఫోన్ డిపాజిట్ చేస్తాం. లాక్ వేసిన ఫోన్ ఇచ్చి టోకెన్ తీసుకుంటాం. అక్కడ ఎవరూ లాక్ అడగరు. దాచిపెట్టేవాడికి ఫోన్ లోపలికి వెళ్లే పని లేదు. బాగుచేసేవాడికి ఉంది, లేదా ఉందని మనం అనుకుంటాం.

పాత వస్తువుల్ని బాగుచేయించుకోవడం ఖర్చుకు సంబంధించిన విషయమనీ, గోప్యత సాఫ్ట్‌వేర్ వాళ్లు చూసుకోవాల్సిన విషయమనీ మామూలుగా విడివిడిగా మాట్లాడతాం. నాకు మాత్రం రెండూ ఒకే తాళం మీద జరుగుతున్న గొడవలా కనపడతాయి. డబ్బు కట్టి వస్తువు ఇంటికి తెచ్చుకున్నాక దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటోంది? ఫోన్ విప్పనివ్వకపోవడానికీ, మన సమాచారం బయటికి పోవడానికీ మూలం అదే. అయితే ఇందులో అంత తేలిగ్గా విడిపోని ముడి ఒకటుంది. "విప్పనిస్తే మీ గుట్టు పోతుంది" అని కంపెనీలే అంటాయి. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఎంతవరకు నిజం, ఎక్కడి నుంచి సాకు అన్నది తేల్చుకోవాలి.

మిక్సీకి రహస్యాలు లేవు

చిత్తూరు గిరింపేటలో మా అమ్మ మిక్సీ వయసు 23 ఏళ్లు. జారు కింద కప్లర్ మూడుసార్లు మార్చాం, కార్బన్లు రెండుసార్లు. ఒకసారి పచ్చడికి నీళ్లు పోయకుండా తిప్పడంతో కాయిల్ కాలితే రివైండింగ్ చేయించాం. కొత్తది కొంటానని నేనంటే, "తిరగతా ఉంది కదా నాయనా, పారేసేదానికి నీకేమొచ్చింది?" అంటుంది.

ఆ కార్బన్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మిక్సీ మోటారులో వేగంగా తిరిగే భాగానికి కరెంటు అందించడానికి రెండు వైపులా రెండు చిన్న బొగ్గు కడ్డీలు స్ప్రింగు ఒత్తిడితో రుద్దుకుంటూ ఉంటాయి. అవి మెత్తగా ఉంటాయి, అరిగిపోతాయి. అరగడమే వాటి పని. ఖరీదైన ఆర్మేచర్, అంటే ఆ తిరిగే భాగం, అరగకుండా ఉండడానికి చవకైన కార్బన్ అరుగుతుంది. అరిగినప్పుడు రెండు స్క్రూలు విప్పి కొత్తవి పెడతారు, ఖర్చు వంద లోపే. తయారుచేసినవాడు ఏది ముందు పోతుందో ముందే ఆలోచించి, దాన్ని మార్చడానికి దారి వదిలాడు. మామూలు సీలింగ్ ఫ్యానూ అంతే. నెమ్మదించిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు కండెన్సరే. రెండున్నర మైక్రోఫారడ్లది తెచ్చి పెడితే మళ్లీ గిర్రున తిరుగుతుంది.

ఫోన్‌లోనూ ఇలా అరగడానికే పుట్టిన భాగం ఉంది. అది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందలసార్లు నిండి ఖాళీ అయ్యాక దాని సామర్థ్యం తగ్గుతుంది, ఎవరి ఫోన్‌లోనైనా సరే. కార్బన్‌లాగే అదీ మార్చుకోవాల్సిన సరుకే. పదిహేనేళ్ల కిందట వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకునేవాళ్లం. ఇప్పుడు దాన్ని జిగురుతో అంటించి, పైన గాజు అంటించి పెడుతున్నారు. నీళ్లు చొరబడకుండా, పలచగా ఉండడానికి అని చెబుతారు. కొంత నిజమే. కానీ అరిగిపోయే భాగాన్ని అన్నిటికన్నా లోతుగా పూడ్చిపెట్టడం మిక్సీ చేసినవాడికి తట్టని ఆలోచన.

మూడేళ్ల కిందట తిరుపతిలో మా ఇంటికి బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే రకం, తెచ్చాను. మామూలు ఫ్యాను 75 వాట్లు తినే చోట ఇవి 30 వాట్ల దగ్గర సరిపెడతాయి. మన ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా ఫ్యాను ఆపేది ఎప్పుడు గనక! బిల్లు తగ్గింది, అబద్ధమాడను. కానీ అందులో ఒకటి రెండో ఏడు దాటగానే ఆగిపోయింది. కొర్లగుంటలో వైండింగ్ చేసే అన్న దగ్గరికి తీసుకుపోతే విప్పి చూపించాడు. కండెన్సర్ ఉండాల్సిన చోట చిన్న బోర్డు, దాని మీద నల్లటి బంక పోసి గట్టిగా మూసేశారు. "కాయిల్ బాగుంది సామీ. బోర్డు పోయింది. అది నాకు దొరకదు" అన్నాడు. కంపెనీ సర్వీసు వాళ్లు ఆ మోడల్ ఆపేశామన్నారు. బాగున్న మోటారు, బాగున్న రెక్కలు ఇప్పుడు అటక మీద ఉన్నాయి.

అదే ఫ్యానుకు ఒక యాప్ కూడా ఉంది. వేసుకోగానే లొకేషన్ అడిగింది. ఫ్యానుకు నేనెక్కడుంటే ఏంటి అని చిరాకుపడ్డాను గాని, దీనికి ఒక సాంకేతిక కారణం ఉంది. చాలా ఏళ్లపాటు ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్‌తో చుట్టుపక్కల పరికరాలు వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. చుట్టూ ఏ పరికరాలున్నాయో తెలిస్తే మనం ఎక్కడున్నామో కనిపెట్టొచ్చు కాబట్టి ఆ నియమం పెట్టారు. ఆండ్రాయిడ్ 12 నుంచి దీన్ని విడదీశారు. కాబట్టి లొకేషన్ అడిగిన ప్రతి యాపూ దొంగ కాదు. కానీ ఆ తర్వాత అదే యాప్ కాంటాక్ట్స్ అడిగింది. దానికి కారణం నేనెంత ఆలోచించినా దొరకలేదు.

మిక్సీ విషయంలో ఇలాంటి అనుమానమే రాదు. అందులో ఏముందో వీధి చివర మెకానిక్‌కి తెలుసు. ఏం చేస్తోందో మా అమ్మకు తెలుసు.

బల్బు నుంచి బ్యాటరీ దాకా

వస్తువులు త్వరగా పాడయ్యేలా చేస్తారన్నది కాకా హోటల్లో మాట్లాడుకునే అనుమానం మాత్రమే కాదు. 1924 డిసెంబరులో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు, ఓస్రామ్, ఫిలిప్స్ లాంటివి, ఫీబస్ పేరుతో ఒక కూటమి కట్టాయి. అప్పటికి 1,500 నుంచి 2,000 గంటలు వెలిగే బల్బును 1,000 గంటలకు తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. ఫ్యాక్టరీల నుంచి నమూనాలు తెప్పించి పరీక్షించేవారు. ఎక్కువ గంటలు వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా! రెండో ప్రపంచ యుద్ధంతో ఆ కూటమి చెదిరిపోయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టంగ్‌స్టన్ ఫిలమెంటును ఎక్కువకాలం బతికేలా చేస్తే, అదే వెలుతురు ఇవ్వడానికి కరెంటు ఎక్కువ తింటుంది. కాబట్టి గంటలు తగ్గించడానికి ఇంజనీరింగ్ కారణమూ చూపించొచ్చు. అందుకే ఇలాంటి వ్యవహారాల్లో తప్పు పట్టుకోవడం కష్టం. ఒక నిజమైన కారణం ముందు నిలబడుతుంది, దాని వెనక లాభం కూర్చుంటుంది.

2017లో యాపిల్ విషయంలో జరిగిందీ అదే. పాత ఐఫోన్లను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో నెమ్మదింపజేస్తున్నామని ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ ఒప్పుకుంది. వాళ్లు చెప్పిన కారణం నిజమే. బ్యాటరీ ముసలిదైతే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, ఫోన్ టక్కున ఆగిపోతుంది, అందుకే వేగం తగ్గించారు. కానీ ఆ సంగతి కొన్నవాడికి చెప్పలేదు. బ్యాటరీ మారిస్తే చాలు ఫోన్ మళ్లీ పరిగెడుతుందని తెలియక ఎంతమంది కొత్త ఫోన్ కొన్నారో. అమెరికాలో కేసు పడితే 2020లో 50 కోట్ల డాలర్ల వరకు కట్టడానికి ఒప్పుకుంది.

బల్బుల కాలంలో వస్తువు ఆయుష్షు తగ్గించాలంటే ఫ్యాక్టరీలోనే తగ్గించాలి. బయటికి వచ్చాక అది మన సొత్తు. ఇప్పుడు అమ్మిన మూడేళ్ల తర్వాత కూడా, రాత్రి మనం నిద్రపోతుండగా, కంపెనీ దాని నడవడిక మార్చగలదు. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండిపోయింది కాబట్టి.

అదే తాళంచెవితో ఇంకో పని కూడా జరుగుతుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. మన హాల్లో విభీషణుడు గోడకు వేలాడుతున్నాడు. అమెరికాలో విజియో అనే కంపెనీ 1.1 కోట్ల స్మార్ట్ టీవీల్లో ఇంట్లోవాళ్లు ఏం చూస్తున్నారో వాళ్లకు సరిగ్గా చెప్పకుండా నమోదు చేసి అమ్ముకుందని అక్కడి ప్రభుత్వ సంస్థ కేసు పెట్టింది. 2017లో 22 లక్షల డాలర్లు కట్టి కంపెనీ బయటపడింది. పద్ధతి ఇలా ఉంటుంది: టీవీ తెర మీద కనపడే బొమ్మలోంచి మధ్యమధ్య కొన్ని చుక్కలు ఏరి, దాన్నుంచి వేలిముద్ర లాంటి గుర్తు తయారుచేసి, సర్వర్‌లో ఉన్న గుర్తులతో పోల్చి చూస్తారు. మనం చూసేది కేబులా, యూట్యూబా, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న సినిమానా అన్నది వాళ్లకు అడ్డం కాదు. 2021 నాటికి ఆ కంపెనీకి టీవీలు అమ్మితే వచ్చే లాభం కన్నా ప్రకటనలు, డేటా వైపు లాభమే ఎక్కువైంది.

పండగ ఆఫర్లలో పెద్ద టీవీ అంత చవకగా ఎలా వస్తోందని మా బావ ప్రతి దసరాకూ ఆశ్చర్యపోతుంటాడు. డబ్బు తగ్గించి, తేడా మన కళ్లలోంచి వసూలు చేసుకుంటున్నారు. చిత్తూరు వెళ్లినప్పుడు వాళ్ల టీవీ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోట వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ అన్న ముక్క ఆపేశాను. టీవీ మామూలుగానే పనిచేస్తోంది. అది టీవీ పనికి అక్కర్లేని సమాచారమని అప్పుడే తేలిపోయింది.

"మీ భద్రత కోసమే"

ఇక అసలు ముడి. ఇప్పటి కొన్ని కంపెనీల ఫోన్లలో చాలా భాగాలకు ఒక సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు మదర్‌బోర్డు గుర్తుపెట్టుకుంటుంది. తెర గానీ, కెమెరా గానీ, బ్యాటరీ గానీ మారిస్తే, అది అదే కంపెనీ ఒరిజినల్ సరుకైనా సరే, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆమోదం వేయకపోతే హెచ్చరిక వస్తుంది, లేదా ఏదో ఒక సౌకర్యం ఆగిపోతుంది. దాన్నే భాగాల జోడింపు అంటున్నారు. మా మెకానిక్ తన మాటల్లో చెప్పింది ఇంకా బాగుంది: "రెండు పాడైన ఫోన్లు కలిపి ఒక మంచి ఫోన్ చేసేవాణ్ణి. ఇప్పుడు రెండూ పాడైనవే."

కంపెనీల వాదన వినండి. వేలిముద్ర సెన్సర్‌ని ఎవరంటే వాళ్లు మార్చగలిగితే, దొంగ సెన్సర్ పెట్టి మీ ఫోన్ తెరవొచ్చు. ఇది ఉత్తుత్తి భయం కాదు, సెన్సర్‌కీ బోర్డుకీ మధ్య నమ్మకం ఉండాల్సిందే. కానీ ఆ కారణంతో ఏం చేశారో చూడాలి. 2016 ప్రాంతంలో బయట షాపులో, వేలిముద్ర సెన్సర్ ఉండే హోమ్ బటన్ బాగుచేయించుకున్న ఐఫోన్లు, అప్‌డేట్ చేయగానే ఎర్రర్ 53 చూపించి రాయిలా పడిపోయాయి. భద్రత కావాలంటే వేలిముద్ర ఒక్కటి ఆపితే చాలు, ఫోన్ మొత్తాన్ని చంపక్కర్లేదు. తర్వాత అప్‌డేట్‌తో వాళ్లే సరిచేశారు. బయట రిపేరు చేయించారు కాబట్టి మీకు హక్కు లేదని కస్టమర్లకు చెప్పినందుకు ఆస్ట్రేలియా కోర్టు 2018లో 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

వేలిముద్ర దగ్గర ఆ వాదన నిలబడుతుంది. బ్యాటరీ దగ్గర? బ్యాటరీలో నా ఫొటోలు ఉండవు. తెరలో నా పాస్‌వర్డులు ఉండవు. చార్జింగ్ పిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021 మేలో ఇచ్చిన నివేదిక, రిపేరుకు అడ్డుపెట్టడానికి కంపెనీలు చెప్పే కారణాలకు ఆధారాలు బహు తక్కువ అని తేల్చింది. 2024లో ఓరెగాన్ రాష్ట్రం భాగాల జోడింపుతో రిపేరును అడ్డుకోవడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది.

అంతమాత్రాన మన వీధి షాపు గుడి కాదు. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక పని చేశారు. ల్యాప్‌టాప్‌లలో శబ్దం నడిపే సాఫ్ట్‌వేర్ ముక్కను (ఆడియో డ్రైవర్) ఆపేసి, అంటే పాస్‌వర్డ్‌తో పెద్దగా పనిలేని చిన్న లోపం పెట్టి, లోపల ఏం తెరిచినా నమోదయ్యేలా చేసి, షాపులకు ఇచ్చారు. రికార్డులు దొరికిన 12 షాపుల్లో ఆరుచోట్ల సొంత ఫైళ్లు తెరిచి చూశారు. రెండుచోట్ల కాపీ కూడా చేసుకున్నారు. ఆడవాళ్ల ల్యాప్‌టాప్‌లలోకే ఎక్కువగా తొంగిచూశారు. చాలా షాపులు అవసరం లేకున్నా పాస్‌వర్డ్ అడిగాయి. పేరున్న పెద్ద షాపుల్లోనూ ఈ గుట్టు కాపాడే పద్ధతి సరిగ్గా లేదు. అంటే కంపెనీ సర్వీసు సెంటర్‌కి వెళ్లినంత మాత్రాన భరోసా ఏమీ రాదు. చూసేవాడి యూనిఫామ్ మారుతుందంతే.

మన దగ్గర చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోంచి డేటా కాపీ చేసుకోవడం తప్పు. చెడ్డ ఉద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు. ఫోన్ కూడా చట్టం దృష్టిలో కంప్యూటరే. కానీ కాపీ అయిందని తెలిసేదెలా? టేపు మీద రాసి ఇచ్చింది మనమే కదా.

నిజానికి చాలా రిపేర్లకు లాక్ చెప్పక్కర్లేదు. ఆ రోజు నాకు తెలిసుంటే బాగుండేది. చార్జింగ్ ఎక్కుతోందో లేదో లాక్ స్క్రీన్ మీదే కనపడుతుంది. కెమెరా లాక్ తీయకుండానే తెరుచుకుంటుంది. మైకూ స్పీకరూ చూడాలంటే ఇంకో ఫోన్ నుంచి కాల్ చేస్తే చాలు, లాక్ ఉన్నా కాల్ ఎత్తొచ్చు. తెర మార్చాక టచ్ పనిచేస్తోందా అన్నది ఎమర్జెన్సీ కాల్ కీప్యాడ్ మీద వేలు ఆడిస్తే తెలుస్తుంది. లోపలికి వెళ్లాల్సినవి సాఫ్ట్‌వేర్ గొడవలే. వాటికీ మార్గం వచ్చింది. సామ్‌సంగ్ 2022లో మెయింటెనెన్స్ మోడ్ తెచ్చింది, గూగుల్ 2023 డిసెంబరులో పిక్సెల్‌కు రిపేర్ మోడ్ ఇచ్చింది. అది నొక్కితే ఫోన్ రీస్టార్ట్ అయి, ఎవరిదో కొత్త ఫోన్‌లా ఖాళీగా తెరుచుకుంటుంది. మెకానిక్ అన్నీ పరీక్షించుకోవచ్చు. మన ఫొటోలు, మెసేజ్‌లు లోపల తాళం వేసే ఉంటాయి. బయటికి రావాలంటే మళ్లీ మన లాకే కావాలి.

చూశారా, గోప్యత కాపాడుతూనే రిపేరు చేయనివ్వడం సాధ్యమే. దాన్ని చేసి చూపించింది కూడా కంపెనీలే. మరి ఇన్నాళ్లూ రెంటిలో ఒకటే ఎంచుకోమన్నట్టు మాట్లాడారెందుకు?

ప్లాస్టిక్ టబ్బుకు పాత ఫోన్

పొద్దున పదింటికి మా వీధిలో బైకు మీద మైకు వినపడుతుంది. పాత సెల్‌ఫోన్లు, పాడైపోయిన ఫోన్లు తీసుకుని ప్లాస్టిక్ సామాన్లు ఇస్తామని. పక్కింటి అత్త పోయిన సంక్రాంతి ముందు రెండు చచ్చిన ఫోన్లు ఇచ్చి ఒక నీలం టబ్బు తెచ్చుకుంది. ఆవిడ లెక్కలో లాభమే. మూలన పడున్నవాటికి టబ్బు వచ్చింది కదా.

2024లో తెలంగాణలోని రామగుండం పోలీసులు ఇలా ఊళ్లు తిరిగి ఫోన్లు పోగుచేస్తున్న బిహార్ ముఠాను పట్టుకున్నారు. వాళ్ల దగ్గర సుమారు 4 వేల పాత ఫోన్లు దొరికాయి. వాటిని జార్ఖండ్‌లోని జామ్‌తాడా లాంటి చోట్ల సైబర్ మోసగాళ్లకు చేరవేస్తున్నారని పోలీసులు చెప్పారు. మోసం చేసిన ఫోన్ గుర్తు వెతికితే అది ఏ అమాయకుడి పేరు మీదో తేలుతుంది.

తెర నల్లగా ఉందంటే ఫోన్ చచ్చిపోయిందని కాదు, అది గుర్తుపెట్టుకోవాలి. తెర పోయినా మెమరీ చిప్ బతికే ఉంటుంది. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో ఫైలు డిలీట్ చేస్తే ఫైలు పోదు, విషయసూచికలో దాని పేరు మాత్రమే కొట్టేస్తుంది. పేజీలు అలాగే ఉంటాయి, వెతికేవాడికి దొరుకుతాయి. ఈమధ్య ఏళ్ల ఫోన్లలో పద్ధతి వేరు. లోపల ఉన్నదంతా ముందే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన లిపిలో, ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ తాళంచెవి చెరిగిపోతుంది, మిగిలింది ఎవరికీ అర్థంకాని చెత్త. కాబట్టి రీసెట్ చేసి ఇస్తే ఫర్వాలేదు. కానీ తెర పనిచేయని ఫోన్‌ని రీసెట్ చేసేదెట్లా?

ఇక్కడే మన మెకానిక్ కావాలి. అత్తకు మిగిలిన మూడో ఫోన్ నేను గాంధీ రోడ్డుకు తీసుకెళ్లాను. అతను షాపులో ఉన్న ఒక పాత కాంబో, అంటే తెరా టచ్ కలిసున్న ముక్క, తాత్కాలికంగా తగిలించాడు. తెర వెలిగింది. అందులో అత్త మనవరాలి పుట్టినరోజు ఫొటోలు ఉన్నాయి. అవి కంప్యూటర్‌లోకి తీసుకుని, గూగుల్ అకౌంట్ తీసేసి, రీసెట్ కొట్టాం. పావుగంట పని, నూట యాభై తీసుకున్నాడు. విప్పడం వచ్చినవాడు లేకపోతే ఆ ఫొటోలు దక్కేవీ కావు, ఆ ఫోన్ గుట్టు దాగేదీ కాదు.

పాతది వాడుకోవడం మీద నాకున్న ఒక అనుమానం కూడా చెప్పాలి. మిక్సీ 23 ఏళ్లు వాడొచ్చు. ఫోన్ అలా కాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాక అది తలుపు గడియ ఊడిన ఇల్లే, అందులో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపింది. రాయిలా ఉన్న ల్యాప్‌టాప్‌లు, ఒక చిప్ లేదనే కారణంగా విండోస్ 11కు పనికిరాక పక్కన పడుతున్నాయి. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఇంకో ఐదేళ్లు నడుస్తాయి, మా ఇంట్లో ఒకటి నడుస్తోంది. ఫోన్లలో పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఇవ్వగలరన్నమాట. ఒకప్పుడు చాలా ఫోన్లకు రెండు మూడేళ్లకే చేతులెత్తేసేవారు.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. దాని మీద ఆరేళ్లకు, 2023లో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు ఇంకో 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టంలో నాకు నచ్చిన ఉదాహరణ ఒకటుంది. ఫోన్‌లో డాక్టరు సలహా ఇచ్చే యాప్ మీ కాంటాక్ట్స్ కూడా అడిగితే, మీరు సరే అని నొక్కినా కూడా వైద్యానికి కావాల్సినంత వరకే ఆ ఒప్పుకోలు చెల్లుతుంది. నా ఫ్యాను యాప్‌కి అచ్చంగా సరిపోతుంది. అనుమతి అడిగే నోటీసు తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు ఉండాలని కూడా అందులో ఉంది.

రిపేరు హక్కుకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు, గృహోపకరణాల కంపెనీలు అందులో సర్వీసు వివరాలు పెట్టాలి. ఒక వస్తువును ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో కొనేముందే అంకెలో చూపించే సూచిక మీద 2025 మేలో ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది. ఫ్రాన్స్ ఈ పని 2021 జనవరి నుంచే చేస్తోంది. అంతకన్నా గట్టి పని 2014లో, వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే మన కాంపిటీషన్ కమిషనే చేసింది. విడిభాగాలు బయట గ్యారేజీలకు దొరకనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్లు దాటిన జరిమానా వేసింది.

నాకు కనపడే లోపం ఏమిటంటే, డేటా ఒక మంత్రిత్వ శాఖ చూస్తుంది, రిపేరు ఇంకో శాఖ చూస్తుంది. ఫోన్‌లో రిపేర్ మోడ్ తప్పనిసరి చేయాలంటే ఏ శాఖ అడగాలి? రెండు ఫైళ్లు రెండు భవనాల్లో ఉన్నంతకాలం కంపెనీలు ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని తప్పించుకుంటాయి.

మన జిల్లా సంగతే చూడండి. శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు బిగిస్తున్నారు. రేణిగుంట వైపు టీవీ తెరలూ, టీవీలూ తయారవుతున్నాయి. అక్కడ లైన్‌లో నిలబడి బోర్డు బిగించే పిల్లలు మన సత్యవేడు, ఏర్పేడు, శ్రీకాళహస్తి పిల్లలే. ఇంత చేస్తున్నా, పాడైన బోర్డు బాగుచేయాల్సిన గాంధీ రోడ్డు మెకానిక్ చేతికి సర్క్యూట్ బొమ్మ కంపెనీ ఇవ్వదు. ఏడాదికింత అని కట్టి ఎవరో అమ్మే సాఫ్ట్‌వేర్‌లో చూసుకుంటాడు, లేదా వాట్సాప్ గ్రూపులో అడుక్కుంటాడు.

మొన్న మంగళవారం మళ్లీ అతని దగ్గరికి వెళ్లాను. ఈసారి స్పీకర్ గరగర. లాక్ ఆ సాయంత్రమే మార్చుకున్నాను లెండి. ఫోన్ ఇచ్చేముందు కౌంటరు దగ్గరే రిపేర్ మోడ్ నొక్కి, రీస్టార్ట్ అయ్యేదాకా చేతిలోనే పట్టుకున్నాను. అతను కొత్తగా తెరుచుకున్న ఖాళీ తెర చూసి, "ఏంది సార్, అంతా లేపేసినారా?" అని కంగారుపడ్డాడు. చూపించాను. రెండుసార్లు లోపలికి వెళ్లి బయటికి వచ్చి చూశాడు. పాట పెట్టి స్పీకర్ విన్నాడు. "ఇదుంటే మాకూ టెన్షన్ ఉండదు. ఫొటోలు పోయినాయని ఎవరొచ్చినా ముందు మమ్మల్నే అనుమానిస్తారు" అన్నాడు.

తర్వాత అలవాటుగా టేపు చింపి అంటించాడు. నా పేరు రాశాడు. పేరు కింద పెన్ను ఆనించి ఒక్క క్షణం ఆగి, చిన్న అడ్డగీత గీసి, ఫోన్‌ని ట్రేలో మిగతావాటి పక్కన పెట్టాడు.